టైరు పేలింది అన్నాక ఇంకేం అడగరు

కర్నూలు జిల్లా చిన్నటేకూరులో బస్సును కాల్చింది టైరు కాదు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున 44వ జాతీయ రహదారి మీద ఓ మోటారు సైకిలు పడి ఉంది. నడిపిన యువకుడు అప్పటికే డివైడరుకు కొట్టుకుని చనిపోయాడు. హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్తున్న వి. కావేరి ట్రావెల్స్ స్లీపర్ బస్సు ఆ బండి మీదికెక్కి, దాన్ని కిందనే ఈడ్చుకుంటూ పోయింది. ఇనుము తారురోడ్డుకు రాసుకుని రవ్వలు లేచాయి. బండి ట్యాంకులో పెట్రోలు ఉండనే ఉంది. 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. అయినా ఆ పొద్దున కోడుమూరు బస్టాండులో నోటా నోటా తిరిగిన మొదటి కబురు "టైరు పేలి అంటుకుందంట" అనే.

మూడు నెలలకే, 2026 జనవరిలో, పక్కనే నంద్యాల జిల్లాలో ఆ కబురు నిజమైంది. నెల్లూరు నుంచి హైదరాబాదు వెళ్తున్న ప్రైవేటు బస్సుకు శిరివెళ్ల మెట్ట దగ్గర అర్ధరాత్రి దాటాక టైరు పేలింది. బస్సు అదుపు తప్పి డివైడరు దాటి, ఎదురుగా మోటారు సైకిళ్ల లోడుతో వస్తున్న కంటైనర్ లారీని గుద్దింది. రెండూ అంటుకున్నాయి. బస్సు డ్రైవరు, లారీ డ్రైవరు, లారీ క్లీనరు చనిపోయారు. ప్రయాణికులు ప్రాణాలతో బయటపడ్డారు. అటుగా వెళ్తున్న డీసీఎం డ్రైవరొకాయన బండి ఆపి బస్సు అద్దాలు పగలగొట్టకపోతే ఆ లెక్క ఎలా ఉండేదో.

టైరు తప్పు లేనిచోట నేరం దాని మీదికి తోసేస్తాం. తప్పు ఉన్నచోట "పేలింది" అని ఊరుకుంటాం. రెండోది ఎక్కువ ప్రమాదమని నా అభిప్రాయం. ఎందుకంటే టైరు పేలిందన్న మాట వినగానే పిడుగు పడిందన్నట్టు, ఎవరి చేతిలోనూ లేని సంగతన్నట్టు, అడిగేవాళ్లు ఆగిపోతారు. గాలి ఎంత ఉంది, బ్రేకు పట్టేసిందా, బేరింగులో గ్రీజు ఉందా, ఎంత లోడు వేశారు, ఆ టైరు ఎన్నిసార్లు రీట్రెడ్ అయింది అనే ప్రశ్నలు బూడిదలోనే ఉండిపోతాయి.

మొదటి అలవాటుకు మంచి ఉదాహరణ మహారాష్ట్రలోని బుల్ధానా. 2023 జూలై 1న సమృద్ధి మహామార్గ్ మీద నాగపూర్ నుంచి పుణె వెళ్తున్న బస్సు బోల్తాపడి అంటుకుని 25 మంది చనిపోయారు. టైరు పేలిందని డ్రైవరు చెప్పాడు. ఆ రోజంతా దేశమంతా అదే వార్త. తర్వాత రవాణా శాఖ వాళ్లు వెళ్లి చూస్తే టైరు పేలిన ఆనవాళ్లు రోడ్డు మీద లేవు. డ్రైవరు రక్తంలో మద్యం పరిమితికి మించి ఉందని ఫోరెన్సిక్ నివేదిక చెప్పింది. పేలిన టైరు రోడ్డు మీద గుర్తు వదలకుండా పోదు. రబ్బరు ముక్కలు చెల్లాచెదురుగా పడతాయి, రిమ్ము తారును గీరుకుంటూ పోతుంది. చూసే ఓపిక ఉంటే టైరు చెప్పేది అబద్ధం కాదు. మన వెల్దుర్తి మండలం మాదార్పురం దగ్గర 2021 ఫిబ్రవరిలో టెంపో డివైడరు దాటి లారీని గుద్ది 14 మంది చనిపోయినప్పుడు కూడా మొదట వినిపించిన మాట "డ్రైవరు కునుకు తీశాడో, టైరు పేలిందో" అనే. ఈ రెండింటి మధ్య ఎంత దూరముందో చూడండి. ఒకటి మనిషి తప్పు, ఇంకోటి వస్తువు తప్పు అనిపిస్తుంది. తీరా విప్పి చూస్తే వస్తువు తప్పు వెనకా మనిషే ఉంటాడు.

ఇంతకీ గాలి నింపిన రబ్బరు చక్రం బస్సును ఎలా తగలబెడుతుంది? దారులు చాలా ఉన్నాయి. అన్నిటికంటే మోసకారిది జంట టైర్లలో ఉంటుంది.

కోడుమూరులో రోడ్డు పక్క పంక్చర్ షాపులో ఒకాయన నాకు విప్పేసిన టైరొకటి చూపించాడు. లోపల చెయ్యి పెట్టమన్నాడు. వేళ్లకు నల్లటి పొడి అంటింది, మిరపగింజలంత రబ్బరు నలుసులు కూడా వచ్చాయి. పక్కగోడ లోపలివైపు చుట్టూ నలిగి, మడత పడి, దారాలు బయటపడి ఉన్నాయి. పైకి చూస్తే మాత్రం ట్రెడ్డు గుండీలు బాగానే ఉన్నాయి, ఇంకో పదివేల కిలోమీటర్లు తిరిగేలా ఉంది. "గాలి లేకుండానే తిరిగిందన్నా ఇది, యాభై అరవై కిలోమీటర్లు. వెనక రెండు జంటగా తిరుగుతుంటాయి గదా, ఒకటి చచ్చినా ఇంకోటి మోస్తాది. స్టీరింగు పట్టుకున్నోనికి యాడ తెలుస్తాది?" అన్నాడు. మరి గాలి చూడరా అంటే నవ్వాడు. "బయటిదానికి చూస్తారు. లోపల్దాని వాల్వుకు చెయ్యి పట్టదు. తంతే గట్టిగా ఉంటే సరే అంటారు."

కాడి కట్టిన జోడెడ్లలో ఒకటి కుంటితే బరువంతా రెండోదాని మెడ మీద పడినట్టే ఇది. గాలి పోయిన టైరు ప్రతి చుట్టుకూ నలుగుతుంది. ఆ నలుగుడే వేడి. పక్కదాని గోడకు రాసుకుంటుంది, అది ఇంకో వేడి. రెండోది రెట్టింపు బరువు మోస్తూ అదీ కాగుతుంది. ఉండాల్సిన గాలిలో 20 శాతం తగ్గిన భారీ టైరును గాలి లేని టైరు కిందే లెక్కగట్టాలన్నది టైరు తయారీదారుల నియమం. 120 పీఎస్‌ఐ ఉండాల్సినదాంట్లో 96 ఉందనుకోండి. తన్ని చూస్తే తేడా తెలియదు, కర్రతో కొట్టి చూసినా చెవికి అందదు. గేజీ పెడితేనే తెలుస్తుంది.

దీనికి లోకంలో అతి ఘోరమైన రుజువు బస్సుది కాదు, విమానానిది. 1991 జూలై 11న జెడ్డాలో హజ్ యాత్రికులను తిరిగి నైజీరియా తీసుకెళ్లాల్సిన డీసీ-8 విమానానికి చక్రాల్లో గాలి తక్కువగా ఉంది. బయల్దేరే తొందరలో దాన్ని పట్టించుకోలేదు. రన్‌వే మీద పరుగులోనే ఒక టైరు పోయింది, దాని జత టైరూ పోయింది, రాపిడికి రబ్బరు అంటుకుంది. ఆ మండే చక్రాలను విమానం తన కడుపులోకి మడుచుకుంది. 261 మంది చనిపోయారు. అంతటి విమానాన్ని కూల్చింది జంటలో ఒకటి మెత్తబడటం. మన బస్సుల వెనక ఇరుసుకు ఉన్నదీ అలాంటి జంటే.

రెండో దారి బ్రేకులది. "లైనర్లు పట్టేశాయి" అనే మాట మన దగ్గర డ్రైవర్లందరికీ తెలుసు. గాలి బ్రేకుల్లో ఎక్కడో లీకయి ప్రెషరు తగ్గితే వెనక స్ప్రింగు బ్రేకు సగం పట్టుకుని ఉండిపోతుంది. బ్రేకు ఎడం సర్దే స్లాక్ అడ్జస్టరు సరిగా లేకపోయినా అంతే. లైనరు డ్రమ్మును వదలదు. ఇంజినుకు బలం ఎక్కువ, బస్సు కొంచెం బరువుగా లాగుతున్నట్టు ఉంటుంది తప్ప ఆగిపోదు. డ్రమ్ము వేడెక్కి నీలిరంగుకు తిరుగుతుంది. ఆ వేడి రిమ్ములోకి, రిమ్ము నుంచి టైరు అంచులోకి పాకుతుంది. కడప, రాయచోటి మధ్య గువ్వలచెరువు ఘాటు దిగేటప్పుడు ముందు లారీ నుంచి కమురువాసన రావడం ఆ రోడ్డున తిరిగేవాళ్లకు అలవాటే. చిన్న గేరులో ఇంజిను మీద దిగాల్సిన చోట పెద్ద గేరులో ఉంచి బ్రేకు మీద కాలు నొక్కిపెడితే వచ్చే వాసన అది. డీజిలు మిగులుతుందని కొందరు ఇంకా న్యూట్రల్‌లో దిగుతారు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. వేడెక్కిన చక్రం బస్సు ఆపగానే చల్లబడదు. నడుస్తున్నంతసేపూ తగిలే గాలి ఆగిపోతుంది, డ్రమ్ములోని వేడి ఇంకా టైరులోకి ఎక్కుతూనే ఉంటుంది. అందుకే ఆగిన పది, ఇరవై నిమిషాలకు టైరు పేలడమో, అంటుకోవడమో జరుగుతుంది. పొగ వచ్చిందని ఆపి, కాస్త తగ్గిందని మళ్లీ అందరినీ ఎక్కించుకుని పోవడం ఈ కారణంగానే ప్రమాదం. చక్రం ఎదురుగా కూర్చుని వంగి చూడటం మరీ ప్రమాదం. పక్కగోడ తెగితే ఆ దెబ్బ మనిషి మొహానికే తగులుతుంది.

మూడోది బేరింగు. దీన్ని గురించి అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు రాసిన దర్యాప్తు నివేదిక బస్సుల మంటల చరిత్రలో ముఖ్యమైనది. 2005 సెప్టెంబరులో రీటా తుపాను వస్తోందని హ్యూస్టన్ పక్కనున్న వృద్ధాశ్రమం నుంచి నడవలేని వాళ్లను బస్సులో డాలస్ తరలించారు. రాత్రంతా ట్రాఫిక్‌లో ప్రయాణం. దారిలో కుడివైపు చివరి ఇరుసు టైరు గాలి పోతే మార్చారు. ఎందుకు పోయిందని చూడలేదు, కొత్తది బిగించి బయల్దేరారు. 23వ తేదీ తెల్లవారుజామున, డాలస్‌కు దగ్గర్లో విల్మర్ అనే ఊరి దగ్గర, పక్కన కారులో పోతున్న వ్యక్తి ఆ చక్రం హబ్బు ఎర్రగా కాలుతుండటం చూసి డ్రైవరుకు చెప్పాడు. బస్సు ఆగింది. 44 మందిలో 23 మంది దిగలేకపోయారు. బేరింగులో సరిపడా కందెన లేకపోవడమే మూలమని నివేదిక తేల్చింది. ఆ టైరు వాళ్లకు ముందే హెచ్చరిక ఇచ్చింది, వాళ్లు టైరును మార్చి హెచ్చరికను పారేశారు. చక్రాల గూళ్లలో వేడిని కనిపెట్టే పరికరాలు, మంట తొందరగా పాకని సామగ్రి ఉండాలని బోర్డు సిఫారసు చేసింది.

మిగతా దారులు క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఊడిన రీట్రెడ్ పట్టీ కొరడాలా తిరుగుతూ చక్రం గూటిలోని గాలి గొట్టాలను, వైర్లను, డీజిలు పైపును తెంపవచ్చు. టైరు పూర్తిగా పోయి రిమ్ము రోడ్డును గీరుకుంటూ రవ్వలు రాల్చవచ్చు. 2000లో పారిస్ దగ్గర కాంకర్డ్ విమానం కూలింది టైరు ముక్క ఎగిరి ఇంధన ట్యాంకు కింద కొట్టడంతోనే. ఇక మొదట టైరు పేలి, తర్వాత బస్సు దేన్నో గుద్ది, ఆ దెబ్బకు మంట లేచేది శిరివెళ్ల మెట్ట దారి. గుద్దుకోవడం ఒక్కటే చాలు, టైరు అక్కర్లేదు అన్నదానికి 2013 అక్టోబరు 30 నాటి పాలెం ఘోరం సాక్ష్యం. కొత్తకోట దగ్గర కల్వర్టు గోడకు తగిలి వోల్వో బస్సు డీజిలు ట్యాంకు చిట్లింది, 45 మంది ఆహుతయ్యారు.

మా సీమలో అందరూ చెప్పే కారణం ఎండ. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, నంద్యాల 44 డిగ్రీలు తేలిగ్గా దాటుతాయి. రోడ్డు అంతకంటే ఎక్కువ కాగుతుంది. కానీ లెక్క వేసి చూడండి. పొద్దున 27 డిగ్రీలప్పుడు 120 పీఎస్‌ఐ పట్టించిన టైరు లోపలి గాలి 60 డిగ్రీలకు కాగితే ప్రెషరు సుమారు 135 అవుతుంది. అంత పెరుగుతుందని తెలిసే టైరు తయారు చేస్తారు. రబ్బరు వేడికి విచ్ఛిన్నమై ఆవిర్లు వదలడానికి సుమారు 200 డిగ్రీలు, దానంతటదే అంటుకోవడానికి అంతకు రెట్టింపు దాకా కావాలి. ఏ రోడ్డూ అంత కాగదు. ఎండ చేసే పని వేరు. అప్పటికే జబ్బుతో ఉన్న టైరుకు చల్లబడే వెసులుబాటు తగ్గిస్తుంది. అంతకంటే కీడు చేసేది ఎండను చూసి మనిషి చేసే పని: మధ్యాహ్నం "గాలి ఎక్కువైంది" అని వాల్వు నొక్కి తీసేస్తారు. సాయంత్రం చల్లబడేసరికి అది గాలి తక్కువ టైరు అవుతుంది, రాత్రి ఆరు వందల కిలోమీటర్లు నలుగుతుంది. ఇక్కడ చెప్పుకున్న బస్సుల్లో చాలావరకు కాలింది రాత్రిపూటే, ఎండలో కాదు. హైదరాబాదులో రాత్రి తొమ్మిది, పదింటికి బయల్దేరిన బస్సులు మన కర్నూలు, డోన్ ప్రాంతం దాటేసరికి ఆగకుండా నాలుగైదు గంటలు పరుగెత్తి ఉంటాయి. చక్రాలు బాగా కాగి, డ్రైవరు కళ్లు బాగా బరువెక్కి ఉండే వేళ అది.

అంటుకున్నాక సంగతి వేరు. బస్సు టైరు ఒక్కోటి 50, 60 కిలోల బరువు. అందులోని ఉక్కు తీగలు పోను మిగిలిన రబ్బరు మండితే వచ్చే వేడి సుమారు 35, 40 లీటర్ల డీజిలుతో సమానం. దాని ముందు డ్రైవరు సీటు పక్క నిలబెట్టిన, మంటలార్పే చిన్న సిలిండరు ఎంత? పైమంట ఆరినట్టే ఆరి, లోపలి వేడికి మళ్లీ లేస్తుంది. నీళ్లు కావాలి, అదీ బాగా. విల్మర్ తర్వాత అమెరికా ప్రమాణాల సంస్థ వాళ్లు నిజమైన బస్సుకు చక్రం దగ్గర మంట పుట్టించి కొలిచారు. నేల కింది నుంచి వస్తుందనుకున్న మంట బస్సు పక్క గోడ వెంట పైకి పాకి, కిటికీ అద్దం పగలగొట్టుకుని లోపలికి వచ్చింది. అద్దం పగిలాక లోపల మనిషి తట్టుకునే వ్యవధి నిమిషాల్లోనే ముగిసింది. చక్రం పైన ప్లాస్టిక్ బదులు ఉక్కు రేకు పెడితే, మంటను పక్కకు తిప్పే పట్టీ పెడితే కొంత సమయం కలిసొచ్చింది.

ఆ సమయమే అసలు సంగతి. కోడుమూరు నుంచి కర్నూలు పోయే పల్లెవెలుగు బస్సులో చక్రం కాగితే ఎవరో ఒకరు "ఓ డ్రైవరన్నా, ఏందో కమురువాసన వస్తాంది, ఆపు" అని అరుస్తారు. కిటికీలన్నీ తెరిచే ఉంటాయి, అందరూ మేలుకునే ఉంటారు. ఏసీ స్లీపర్‌లో కిటికీ తెరవదు, తెర లాగి ఉంటుంది, మనుషులు రెండంతస్తుల్లో నిద్రలో ఉంటారు. వాసన వాళ్లకు అందేసరికి పొగ కూడా అందుతుంది. చిన్నటేకూరు బస్సు సీటర్‌గా రిజిస్టరై స్లీపర్‌గా మారిందని, దాంట్లో సెల్‌ఫోన్ల పార్శిల్ కూడా ఉందని, బ్యాటరీలు మంటను పెంచాయని దర్యాప్తులో బయటికొచ్చింది. అక్కడ టైరు తప్పు లేకపోయినా, టైరు అంటుకున్న రోజు కూడా ఆ బెర్తులు, ఆ ఇరుకు నడవా, ఆ పార్శిళ్లే ప్రాణం తీస్తాయి.

పార్శిళ్ల మాట వచ్చింది గనక లోడు గురించి. టికెట్టు డబ్బు కంటే డిక్కీలో, టాపు మీద వేసే సరుకు మీద వచ్చే డబ్బు మీదనే నడిచే రూట్లు ఉన్నాయి. ఆ బరువు ఏ కాగితంలోనూ ఉండదు, టైరు మీద ఉంటుంది. సుగ్గి వలసకు గుంటూరు మిరపచేలకు పోయే మా పడమటి మండలాల కూలోళ్ల బండ్లు చూడండి. మనుషులు, మూటలు, వంటపాత్రలు, పైన పిల్లలు. ఆ బండి అంటుకుంటే పత్రికలో వచ్చే మొదటి వాక్యం ఏమిటో నేను ఇప్పుడే రాసివ్వగలను.

నియమాలు లేవని కాదు. దూరప్రాంత బస్సుల ఇంజిను గదిలో మంటను పసిగట్టి ఆర్పే ఏర్పాటు తప్పనిసరి చేశారు. 2022లో ప్రయాణికులుండే భాగంలో పొగను పసిగట్టి అలారం మోగించే ఏర్పాటునూ చేర్చారు. మంటలు ఎక్కువగా పుట్టేది ఇంజిను దగ్గర కాబట్టి అది సబబే. కానీ దాని తర్వాతి స్థానం చక్రాల గూళ్లది, అక్కడ ఏ కన్నూ లేదు. యూరోపులో 2024 జూలై నుంచి కొత్త బస్సులు, లారీలకు కూడా టైరు ప్రెషరు తగ్గితే డ్రైవరు ముందు దీపం వెలగాల్సిందే. ఆ దీపం మన సీమ బస్సులకు యూరోపు కంటే ఎక్కువ అవసరం. అమెరికాలో బస్సు ముందు చక్రాలకు రీట్రెడ్ టైరు వేయకూడదని చట్టం. రీట్రెడ్ చెడ్డదని నేను అనను. ఆర్టీసీ దశాబ్దాలుగా రీట్రెడింగ్ మీద నడుస్తోంది, టైరుకో నంబరు, అది తిరిగిన కిలోమీటర్లకో లెక్క పెట్టుకుంటుంది. ఆ లెక్క ఉన్నప్పుడు రీట్రెడ్ పొదుపు. మూడు రాష్ట్రాల రిజిస్ట్రేషన్లు మారి, ముగ్గురు యజమానులు మారిన బస్సు కింద ఉన్న టైరుకు ఏ లెక్కా ఉండదు.

ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కొత్త బస్సుకు రెండేళ్లకోసారి, ఎనిమిదేళ్లు దాటినదానికి ఏడాదికోసారి. రాత్రికి ఆరు వందల కిలోమీటర్లు తిరిగే బస్సు టైరు ఏడాదిలో అసలు మారిపోయే ఉంటుంది. పరీక్షకు వచ్చేరోజు మంచి టైర్లు అరువు తెచ్చి బిగించుకొస్తారన్న మాట నేను మెకానిక్కుల నోట చాలాసార్లు విన్నాను. చిన్నటేకూరు తర్వాత రవాణా శాఖ వాళ్లు రాత్రిళ్లు రోడ్డెక్కి బస్సులు ఆపారు, కేసులు రాశారు. పర్మిట్లు, అత్యవసర ద్వారాలు, సుత్తులు చూశారు. అవీ చూడాల్సినవే. గేజీ పట్టుకుని లోపలి టైరు వాల్వు దాకా వంగిన అధికారిని మాత్రం నేను ఇంకా చూడలేదు.

చేయాల్సింది పెద్ద ఖర్చు కూడా కాదు. దూరం నుంచే వేడి కొలిచే గన్ను వెయ్యి, రెండు వేల రూపాయలకు దొరుకుతుంది, కరోనా రోజుల్లో ప్రతి గుమ్మం దగ్గరా మన నుదుటికి పెట్టినదానిలాంటిదే, కాకపోతే ఎక్కువ డిగ్రీలు చూపించేది. బెంగళూరు బస్సులన్నీ ఎక్కడో ఓ ధాబా దగ్గర ఇరవై నిమిషాలు ఆగుతాయి. డ్రైవరు తినడానికి పోతాడు, క్లీనరు ముందు అద్దం తుడుస్తాడు. ఆ తుడిచే కుర్రాడి చేతికి గన్ను, గేజీ ఇచ్చి, ప్రతి హబ్బు వేడి, ప్రతి టైరు గాలి ఒక పుస్తకంలో రాయమనండి. లోపలి వాల్వుకు చెయ్యి పట్టడానికి పొడుగు గొట్టం బిగిస్తే చాలు, పంక్చర్ షాపులో దొరుకుతుంది. మిగతా చక్రాల కంటే ఒకటి బాగా ఎక్కువ చూపిస్తే ఆ బస్సు అక్కడే ఆగాలి, జనం ఇంకో బస్సెక్కాలి. ఆ పుస్తకాన్ని బస్సులోనే వదిలేయకుండా ఫోటో తీసి ఆఫీసుకు పంపితే, మంటలో బస్సు పోయినా అది పోదు. టైరు పేలిందని ఎవరైనా చెప్పిన రోజు దర్యాప్తు అధికారి మొదట అడగాల్సింది ఆ ఫోటోనే.